రాజును ముందు కోటలో పెట్టించండి: చెన్నై చదరంగం కోచ్‌లకు, టోర్నమెంట్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

చెన్నైలోని చదరంగం అకాడమీల యజమానులకు, కోచ్‌లకు, బడిపిల్లల టోర్నమెంట్లు జరిపే పెద్దలకు, ఆర్బిటర్లకు (ఆటల రిఫరీలకు),

నమస్కారం.

మేము పెరంబూరు, వ్యాసర్‌పాడి, కొరుక్కుపేట చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లం. మాలో రైల్వేలో చేసి రిటైరైనవాళ్లు, చిన్న కిరాణా కొట్లు నడిపేవాళ్లు, ఇంట్లో కుట్టుపని చేసుకునే తల్లులు ఉన్నారు. ఈ లేఖ రాస్తున్న నేను రిటైరైన లెక్కల మాస్టారిని. ఆదివారాలు మా మేడ మీద వీధి పిల్లలకు చదరంగం నేర్పుతుంటాను. ఆ పిల్లల్లో చాలామంది మీ క్యాంపులకు వస్తారు, మీ టోర్నమెంట్లలో ఆడతారు.

ఈ ఊరు చదరంగానికి ఏం చేసిందో మాకు తెలుసు. ఆనంద్ చిన్నప్పుడు ఆడిన తాల్ క్లబ్బు ఇక్కడిదే. 2022లో మామల్లపురంలో ఒలింపియాడ్ జరిగినప్పుడు నేపియర్ వంతెనకు నలుపు తెలుపు గళ్ల రంగు వేస్తే పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్లి చూపించాం. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిన సాయంత్రం మా వీధిలో మిఠాయిలు పంచుకున్నాం. ఈ ఊళ్లో పెరిగిన తెలుగింటి పిల్లవాడు మరి. ఇందులో ఈ ఊరి కోచ్‌ల కష్టం ఎంతో ఉంది. కాదనం.

మా మనవి గుకేశ్‌లు కాబోని పిల్లల గురించి. వాళ్లే ఎక్కువమంది.

పోయిన ఏడాది ఈ విషయమే కాగితం మీద రాసి ఒక అకాడమీకి, ఒక టోర్నమెంటు నిర్వాహకులకు ఇచ్చాం. ఒకచోట ‘చూద్దాం సార్’ అన్నారు. ఇంకోచోట కాగితం తీసుకుని సొరుగులో పెట్టారు. ఆ తర్వాత మా ఫోను ఎత్తలేదు. ఇప్పుడు మళ్లీ వేసవి క్యాంపుల పాంప్లెట్లు వస్తున్నాయి. వాటి మీద మళ్లీ అదే మాట: ‘నాలుగు ఎత్తుల్లో ఆట కట్టించడం నేర్పుతాం’. అందుకే ఈసారి అందరికీ తెలిసేలా రాస్తున్నాం.

మేము అడిగేది చాలా చిన్నది. పిల్లలకు ట్రాపులు, అంటే అవతలివాళ్లు పొరపాటు పడితేనే పనిచేసే ఉచ్చులు, నేర్పేముందు క్యాస్లింగ్, అంటే రాజును మధ్య నుంచి తప్పించి భద్రంగా పెట్టే ఎత్తు, నేర్పండి. మొదటి పది ఎత్తుల్లోపే రాజును కోటలో పెట్టడం వాళ్లకు చేతి అలవాటు అయ్యేదాకా ఇంకేదీ మొదలుపెట్టకండి.

ఒక స్కోర్ షీటు, అంటే ఆడిన ఎత్తులన్నీ రాసుకునే కాగితం, నా ముందు ఉంది. ఎనిమిదేళ్ల బాబుది. ఒక కల్యాణ మండపంలో జరిగిన టోర్నమెంటులో మొదటి రౌండు, తెల్లపావులు. మొదటి ఎత్తు రాజు ముందున్న బంటు రెండు గళ్లు. రెండో ఎత్తుకే మంత్రి హెచ్5 గడికి వెళ్లిపోయింది (బోర్డు మీద నిలువు వరసలకు ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకు 1 నుంచి 8 దాకా అంకెలు). మూడోది శకటు (బిషప్) సీ4కి. నాలుగో ఎత్తులో ఎఫ్7 మీద ఆట కట్టు అని క్యాంపులో నేర్పారు. ఎదురుగా కూర్చున్న పాప జీ6కి బంటు జరిపి మంత్రిని తరిమింది. వీడు మంత్రిని ఎఫ్3కి లాగి మళ్లీ అదే ఎఫ్7కి గురిపెట్టాడు. పాప గుర్రాన్ని ఎఫ్6లో నిలబెట్టి అడ్డుకుంది. ఆ గుర్రాన్ని కదిలిద్దామని ఐదో ఎత్తులో వీడు జీ4కి బంటు తోశాడు. అప్పటికే సీ6లో ఉన్న పాప రెండో గుర్రం డీ4కి దూకి మంత్రి మీద పడింది. వీడు మంత్రిని ఈ3కి తప్పించాడు. ఆరో ఎత్తులో అదే గుర్రం సీ2 బంటును కొట్టి కూర్చుంది. చెక్! ఒకే గడిలో నుంచి రాజునూ, మంత్రినీ, మూలనున్న ఏనుగునూ పట్టేసింది. చెక్ కాబట్టి రాజు కదలక తప్పదు. మంత్రి పోయింది. రాజు కదిలింది కాబట్టి క్యాస్లింగ్ హక్కూ పోయింది. షీటులో ఏడో ఎత్తు నుంచి అక్షరాలు వంకరపోయాయి. పదిహేనో ఎత్తు దగ్గర ఆట ఆగిపోయింది.

ఆ షీటును తిరగేసి ఇంకో నాలుగు ఎత్తులు రాసి చూపించాను వాడికి. రాజు ముందు బంటు రెండు గళ్లు. గుర్రం ఎఫ్3కి. శకటు సీ4కి. నాలుగోది క్యాస్లింగ్. నాలుగు ఎత్తుల ఆట కట్టుకు ఎన్ని ఎత్తులు కావాలో రాజును కోటలో పెట్టడానికీ అన్నే కావాలి. మొదటిది అవతలివాళ్లు పొరపాటు పడితేనే పనికొస్తుంది. రెండోది అవతల ఎవరు కూర్చున్నా పనికొస్తుంది. ఎఫ్3లో గుర్రం ఉంటే డీ4కి వచ్చే గుర్రాన్ని కొట్టవచ్చు. రాజు జీ1లో ఉంటే సీ2లో పడే గుర్రం చెక్ కాదు. వాడు అంతా విని, ‘తాతా, సార్ చెప్పిందే కదా ఆడాను’ అన్నాడు. నిజమే. వాడు చెప్పింది చెప్పినట్టే ఆడాడు. అందుకే ఈ లేఖ వాడికి కాదు, మీకు.

మీకు తెలియనిది కాదు గానీ, తల్లిదండ్రులు కూడా చదువుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. చదరంగంలో ఒకే ఎత్తులో రెండు పావులు కదిలేది క్యాస్లింగ్‌లో మాత్రమే. రాజు ఏనుగు వైపు రెండు గళ్లు జరుగుతుంది, ఏనుగు రాజును దాటి పక్కన నిలబడుతుంది. ఒక్క ఎత్తుతో రాజు మధ్య నుంచి తప్పుకుంటుంది, మూలన ఊరికే కూర్చున్న ఏనుగు పనిలోకి వస్తుంది. ఆట మొదలవగానే ఇద్దరూ మధ్య బంట్లనే తోస్తారు. నాలుగైదు ఎత్తులకు ఆ బంట్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, మధ్య నిలువు వరసలు తెరుచుకుంటాయి. రాజు పుట్టిన గడి సరిగ్గా అక్కడే ఉంది. దారి తెరుచుకున్నప్పుడు ఇంకా అక్కడే నిలబడిన రాజు మీదికి ఏనుగులు, మంత్రి, శకట్లు అన్నీ దూసుకొస్తాయి.

ఈ ఎత్తు పుట్టిందే ఆ భయం నుంచి. పాత ఆటలో మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. శకటు కూడా రెండు గళ్లకు మించి వెళ్లేది కాదు. రాజు నడిమధ్యన నిలబడ్డా కొంపలు మునిగేవి కావు. 15వ శతాబ్దం చివరలో యూరప్‌లో మంత్రికీ శకటుకూ ఇప్పటి బలం ఇచ్చాక రాజును దాచడం అవసరమైంది. అప్పటి నుంచి క్యాస్లింగ్ రకరకాల రూపాలు మారుతూ ఇప్పటి పద్ధతికి వచ్చింది. మన పెద్దలు ఆడిన దేశీ ఆటలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. బంటు ఒక్క గడే నడుస్తుంది, క్యాస్లింగ్ లేదు, కానీ రాజుకు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉంటుంది, అదీ చెక్ పడకముందే. పద్ధతి వేరైనా, నడుమ నుంచి రాజుకు తప్పించుకునే దారి ఒకటి ఇచ్చారు.

1858లో పారిస్ ఒపేరా హాల్లో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ ఆడిన ఆట మీ అకాడమీల్లో గోడల మీద కూడా ఉంటుంది. అవతల ఒక డ్యూకు, ఒక కౌంటు కలిసి నల్లపావులు ఆడారు. ఏడో ఎత్తులో వాళ్లు మంత్రిని తెచ్చి రాజు ముందు పెట్టారు. దాంతో ఎఫ్8లో ఉన్న శకటుకు దారి మూసుకుపోయింది. శకటు బయటికి రానిదే ఆ వైపు క్యాస్లింగ్ లేదు. మార్ఫీ పన్నెండో ఎత్తులో మంత్రి వైపు క్యాస్లింగ్ చేశాడు. అదే ఎత్తుతో ఏనుగు డీ వరసలోకి వచ్చి కూర్చుంది. పదమూడో ఎత్తులో ఆ ఏనుగును బలి ఇచ్చాడు, పద్నాలుగులో రెండో ఏనుగు అదే చోటికి వచ్చింది, పదహారులో మంత్రినే ఇచ్చేశాడు, పదిహేడులో ఏనుగుతో డీ8 దగ్గర ఆట కట్టించాడు. ఆట ముగిసేసరికి నల్లరాజు పుట్టిన గడిలోనే ఉంది. పక్కనున్న శకటు, ఆ పక్క ఏనుగు ఒక్కసారి కూడా కదల్లేదు. పిల్లలకు ఈ ఆటలో మంత్రి బలి చూపించి చప్పట్లు కొట్టిస్తాం. కదలని ఆ మూడు పావుల్ని వేలుపెట్టి చూపించేవాళ్లు తక్కువ. అసలు పాఠం ఆ మూడు గళ్లలో ఉంది.

1956లో న్యూయార్క్‌లో పదమూడేళ్ల బాబీ ఫిషర్ ఆట కూడా అంతే. ఫిషర్ నాలుగో ఎత్తులోనే క్యాస్లింగ్ చేసుకున్నాడు. అవతల డొనాల్డ్ బర్న్ పదహారో ఎత్తు వచ్చినా చేయలేదు. అప్పుడు ఫిషర్ ఏనుగు మధ్య వరసలో చెక్ చెప్పింది, తెల్లరాజు ఎఫ్1కి జరగాల్సి వచ్చింది. ఆ వెంటనే ఫిషర్ తన మంత్రినే వదిలేశాడు, బర్న్ ఇక కోలుకోలేదు. పదమూడేళ్ల పిల్లవాడు ఒక పెద్ద ఆటగాడిని ఓడించాడంటే మంత్రిని వదిలేసిన ఆ గొప్ప ఎత్తు ఎంత కారణమో, నాలుగో ఎత్తులో చేసిన చిన్న పనీ అంతే కారణం.

మా కాగితం తీసుకున్న చోట మాకు రెండు మాటలు చెప్పారు. వాటికి జవాబివ్వడం మర్యాద.

ఒకటి, ‘పెద్ద ఆటగాళ్లు క్యాస్లింగ్ లేకుండా కూడా ఆడుతున్నారు కదా’ అన్నారు. ఆడుతున్నారు. బెర్లిన్ డిఫెన్స్ అనే ఆరంభ పద్ధతిలో ఎనిమిదో ఎత్తుకే నల్లరాజు మంత్రిని కొట్టి క్యాస్లింగ్ హక్కు వదులుకుంటుంది. 2000లో క్రామ్నిక్ దానితోనే కాస్పరోవ్‌ను నిలువరించి ప్రపంచ టైటిల్ తీసుకున్నాడు. 2013లో మన చెన్నైలోనే ఆనంద్, కార్ల్‌సన్ మ్యాచ్ నాలుగో గేములో కార్ల్‌సన్ కూడా ఆ దారిలో వెళ్లాడు. కానీ అక్కడ రెండువైపులా మంత్రులు బోర్డు మీద నుంచి వెళ్లిపోయాయి. ఆటకట్టు భయం సగం పైగా తగ్గింది కాబట్టే రాజు మధ్యలో నిలబడగలిగింది. ఇది తెలిసి వదులుకోవడం. మా పిల్లలది తెలియక పోగొట్టుకోవడం. అదే క్రామ్నిక్ 2019లో అసలు క్యాస్లింగే లేని ఆట ఆడదామని ప్రతిపాదించాడు. అలాంటి టోర్నమెంటు 2020 జనవరిలో మన ఊళ్లోనే జరిగింది. 2021లో డోర్ట్‌ముండ్‌లో అదే పద్ధతిలో ఆనంద్ రెండున్నర, ఒకటిన్నర పాయింట్లతో క్రామ్నిక్‌నే గెలిచాడు. క్రామ్నిక్ చెప్పిన కారణం ఏమిటి? క్యాస్లింగ్ వల్ల రాజులు మరీ భద్రంగా కూర్చుంటున్నారు, ఆటల్లో వేడి తగ్గుతోంది అని. ప్రపంచ చాంపియన్లు విసుక్కునేంత భద్రత ఒక్క ఎత్తుతో దొరుకుతుంటే, ఎనిమిదేళ్ల పిల్లలకు దాన్ని ముందు నేర్పకపోవడం ఎలా సబబు?

రెండు, ‘తల్లిదండ్రులకు కప్పులు కావాలి, ట్రాపులు నేర్పకపోతే వేరే అకాడమీకి పోతారు’ అన్నారు. ఈ మాటలో నిజం ఉంది. మా వీధిలోనే అలాంటి తల్లిదండ్రులున్నారు. అయితే ట్రాపుతో వచ్చే కప్పు ఏడేళ్ల లోపు విభాగం దాకానే. తొమ్మిదేళ్ల విభాగానికి వచ్చేసరికి ఎదుటివాళ్లందరికీ ఆ ట్రాపులు తెలుసు. అప్పుడు పిల్ల చేతిలో ఏమీ మిగలదు. ఈ మాట తల్లిదండ్రులకు మేము చెబితే వినరు, కోచ్ చెబితే వింటారు. వేరే అకాడమీకి పోతారనే భయం కూడా మీరందరూ ఒకే మాట మీద ఉంటే పోతుంది. ఈ లేఖ ఒక్కరికి కాకుండా అందరికీ రాయడానికి అదొక కారణం.

త్వరగా అంటే గుడ్డిగా చేయమని కాదు. ముందే జీ, హెచ్ బంట్లు తోసేసి అదే వైపు రాజును పెడితే కోటకు గోడ ఉండదు. అవతలి పావులన్నీ ఒకవైపే గురిపెట్టి ఉంటే రెండో వైపు చూడాలి. ఈ తేడాలు చెప్పడానికే కోచ్ కావాలి. కానీ అవి రెండో మెట్టు. మొదటి మెట్టు అలవాటు.

ఇప్పుడు ఇది మామూలు కుటుంబాల మీద ఎలా పడుతోందో రాస్తాను.

1. ఒక్క టోర్నమెంటుకు ఎంట్రీ ఫీజు వందల్లో ఉంటుంది. దానికి తోడు రాకపోకలు, తిండి. వేదిక ఎక్కడో తాంబరం అవతలో, పూందమల్లి రోడ్డులోనో ఉంటుంది. పిల్లను ఒంటరిగా పంపలేరు, తల్లో తండ్రో వెళ్లాలి. మా వీధిలో ఒకామె జాకెట్లు కుడుతుంది. పండగల ముందు ఆదివారాలే ఆమెకు నాలుగు డబ్బులొచ్చే రోజులు. అలాంటి ఆదివారం మిషను మూసేసి కూతుర్ని తీసుకెళ్లింది. పాప మొదటి మూడు రౌండ్లూ పదిహేను ఎత్తుల్లోపే ఓడిపోయింది. మూడింటిలోనూ రాజు మధ్యలోనే ఉంది. ఇంటికొచ్చాక ఆమె ఏమీ అనలేదు. వారం తర్వాత నన్ను అడిగింది: ‘మాస్టారూ, క్యాంపు ఫీజు కట్టాం కదా, ఇది చెప్పరా అక్కడ?’ ఆ ప్రశ్ననే మీకు పంపిస్తున్నాను.

2. స్విస్ పద్ధతిలో ఓడిపోయినవాళ్లు ఇంటికి పోరు, చివరి రౌండు దాకా ఆడతారు. అది మంచి పద్ధతే. కానీ పది నిమిషాల్లో ఓడిన పిల్ల తర్వాతి రౌండు జత కట్టేదాకా వరండాలో కూర్చోవాలి. లోపల మిగతా పిల్లలు ఆడుతుంటారు. బయట మే నెల ఎండ. అంతసేపూ ఆ ఓటమి తప్ప తలుచుకోవడానికి ఇంకేమీ ఉండదు.

3. ఆట మానేయడం. ఇదే మాకు అన్నిటికంటే బాధ. అబ్బాయి నాలుగుసార్లు ఓడితే ‘ఇంకా నేర్చుకుంటాడులే’ అంటారు. అమ్మాయి రెండుసార్లు ఓడితే ‘చదువు పాడవుతుంది, చాల్లే’ అంటారు. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక పేర్లు మా ఇళ్లలో అందరికీ తెలుసు. నిండు గర్భంతో మామల్లపురం ఒలింపియాడ్‌లో కూర్చుని ఆడిన హారిక, కంచు పతకం తెచ్చిన మహిళల జట్టు ఫొటో మా మేడ గదిలో అంటించి ఉంది. ఆ ఫొటో చూసి వచ్చిన ఆడపిల్లలే ఏడాది తిరక్కుండా కనిపించడం మానేస్తున్నారు. పదిహేను ఎత్తుల్లో ముగిసే ఆటలు దీనికి ఒక్కటే కారణం అనను. కానీ ఆ ఒక్క కారణం మన చేతిలో ఉంది.

4. నిబంధనలు తెలియక పోయే ఆటలు. ఒక పాప చక్కగా గుర్రాన్ని, శకటును బయటికి తెచ్చుకుంది. క్యాస్లింగ్ చేద్దామని ముందు ఏనుగును ముట్టుకుంది. ఎదుటి పిల్లవాడు చెయ్యెత్తాడు. ఆర్బిటర్ వచ్చి, ముట్టుకున్న పావునే కదపాలి కాబట్టి ఏనుగునే కదపమన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిబంధనే. ఏనుగు ఒక గడి జరిగింది, ఆ వైపు క్యాస్లింగ్ శాశ్వతంగా పోయింది. రాజును ముందు ముట్టుకోవాలని ఆ పాపకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో అన్నతో ఆడేటప్పుడు ఏది ముందు ముట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. అలాగే రెండు చేతులతో రాజును, ఏనుగును ఒకేసారి జరిపి క్లాక్ నొక్కే పిల్లలున్నారు. అది నిబంధనల ప్రకారం తప్పు ఎత్తు కింద లెక్క. క్లాసికల్ ఆటలో అవతలివాళ్లకు రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారి అలాంటిది జరిగితే ఆటే పోతుంది.

5. ఇళ్లలో గందరగోళం. మా తాతల కాలం దేశీ ఆటలో ఒక్కసారి చెక్ పడితే రాజు దూకే హక్కు పోయేది. ఆ పాత నియమాన్నే పెద్దవాళ్లు క్యాస్లింగ్‌కు తగిలించి చెబుతారు: ‘చెక్ పడింది, ఇక కోట కట్టకూడదు’ అని. ఇప్పటి నిబంధన అది కాదు. చెక్‌లో ఉన్నప్పుడు చేయకూడదు, దాటే గడి మీద గానీ చేరే గడి మీద గానీ శత్రువు కన్ను ఉంటే చేయకూడదు. అంతే. ఇందాక చెక్ పడి, రాజు కదలకుండా అడ్డుపెట్టుకుని బయటపడితే హక్కు అలాగే ఉంటుంది. ఏనుగు మీద దాడి ఉన్నా చేయవచ్చు. ఇది తెలియక, చేయగలిగిన క్యాస్లింగ్ చేయకుండా ఓడిపోయిన ఆటలు నేను చూశాను. ఇందులో చిన్నబోవాల్సింది ఏమీ లేదు. 1974లో కార్పోవ్‌తో మ్యాచ్‌లో కోర్చ్‌నోయ్ అంతటి గ్రాండ్‌మాస్టర్, ఏనుగు మీద దాడి ఉన్నప్పుడు క్యాస్లింగ్ చేయవచ్చా అని ఆర్బిటర్‌ను అడిగి తెలుసుకుని మరీ చేశాడు. మన పిల్లలకు ఆర్బిటర్‌ను అడగవచ్చనే సంగతే తెలియదు. తెలిసినా ఏ భాషలో అడగాలో తోచదు.

అందువల్ల మా కోరికలు ఇవి.

1. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి నెల ట్రాపులు, నాలుగు ఎత్తుల ఆటకట్లు నేర్పడం ఆపండి. నేర్పితే వాటిని అడ్డుకోవడం నేర్పండి. ఆ నెలంతా మధ్య బంటు, గుర్రం, శకటు, క్యాస్లింగ్ అనే క్రమం చేతికి వచ్చేలా ఆడించండి. రెండువైపులా చేయించండి. మంత్రి వైపు క్యాస్లింగ్ చాలామంది పిల్లలకు రానే రాదు.

2. ప్రతి టోర్నమెంటు తర్వాత స్కోర్ షీట్లు తెప్పించుకుని చూడండి. అన్ని ఎత్తులూ విశ్లేషించనక్కర్లేదు. క్యాస్లింగ్ గుర్తు 0-0 (రాజు వైపు) గానీ 0-0-0 (మంత్రి వైపు) గానీ ఎన్నో ఎత్తులో ఉందో చూసి దాని చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టండి. లేకపోతే ఎందుకు లేదో పిల్లనే అడగండి. ఒక షీటుకు నిమిషం పట్టదు. నేను మేడ మీద చేస్తున్నది ఇదే.

3. మొదటి రౌండుకు ముందు ఆర్బిటర్ ఐదు నిమిషాలు పెద్ద బోర్డు మీద క్యాస్లింగ్ చేసి చూపించాలి. రాజు ముందు, ఒకే చెయ్యి, ఏ సందర్భాల్లో కుదరదు అన్నంత వరకు చాలు. తమిళంలో చెప్పండి, అది మా పిల్లలకూ కొంత అర్థమవుతుంది. ఉత్తర చెన్నైలో జరిపేటప్పుడు తెలుగులోనూ చెప్పించండి. మనిషి కావాలంటే మేము వస్తాం, డబ్బు అక్కర్లేదు.

4. ఈ నిబంధనలు ఒక పేజీలో అచ్చువేసి ఎంట్రీ ఫారంతో పాటు ఇవ్వండి. తెలుగు పాఠం మేము రాసిస్తాం.

5. క్యాంపులో చేర్చుకునేటప్పుడే నెలవారీగా ఏం నేర్పుతారో కాగితం మీద తల్లిదండ్రులకు ఇవ్వండి. ఫీజు వివరం ఇచ్చినట్టే ఇదీ ఇవ్వాలి.

6. ఆట త్వరగా ముగిసిన చిన్నపిల్లలకు నీడ, మంచినీళ్లు, రెండు మూడు ఖాళీ బోర్డులు ఉన్న గది ఒకటి చూపించండి. అక్కడ ఒక సీనియర్ విద్యార్థి కూర్చుని ఇప్పుడే ముగిసిన ఆటను పిల్లలతో మళ్లీ వేయిస్తే ఆ గంట వృథా కాదు.

ప్రభుత్వ బడుల్లో చదరంగం నేర్పే వ్యాయామ ఉపాధ్యాయులకు కూడా ఇదే మనవి. 7 నుంచి 17 ఏళ్ల పిల్లలకు బడుల్లో చదరంగం నేర్పాలని తమిళనాడు 2013లోనే తలపెట్టింది. అకాడమీ గడప తొక్కలేని పిల్లలకు మీరే కోచ్‌లు. మీ దగ్గర పెద్ద పుస్తకాలు లేకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్క అలవాటు నేర్పండి.

తల్లిదండ్రులకు ఒక మాట. హాలు బయట పిల్ల కనిపించగానే ‘గెలిచావా’ అని అడుగుతాం. దాన్ని ఒక్కసారి ఆపుకుని ‘ఎన్నో ఎత్తులో క్యాస్లింగ్ చేశావు’ అని అడిగి చూడండి. ఆటలు రాని తల్లి కూడా అడగగలిగిన ప్రశ్న అది. జవాబు వింటే, కట్టిన ఫీజుకు అక్కడ ఏం నేర్పుతున్నారో మీకే తెలిసిపోతుంది.

వేసవి క్యాంపులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. ఆలోపు మీ జవాబు కోసం చూస్తాం. ఏ ఆదివారం ఉదయమైనా మీలో ఎవరు వచ్చినా సంతోషం. పిల్లల స్కోర్ షీట్లన్నీ తారీకుల వారీగా కట్టగట్టి ఉంచాను, పేర్లు కనపడకుండా చూపిస్తాను. జవాబు రాకపోతే, ఏ క్యాంపు నెలవారీ పాఠాల కాగితం ఇచ్చిందో ఏది ఇవ్వలేదో మా చుట్టుపక్కల వీధుల్లో తల్లిదండ్రులకు మేమే చెబుతాం. క్యాంపులో చేర్చేముందు ఆ కాగితం అడగమని ఇప్పటికే చెప్పడం మొదలుపెట్టాం.

ఇట్లు,
పెరంబూరు పరిసరాల తెలుగు తల్లిదండ్రుల తరఫున,
ఆదివారాలు పిల్లలకు చదరంగం నేర్పే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు
చెన్నై